‘ఓడెక్కిన మూణ్ణాళ్ళూ దేవుడే దిక్కు’: ఇక్కడ ‘డే’నా, ‘టే’నా?

గోదారిగట్టు: మా తాతమ్మది కోరంగి దగ్గర పల్లె. 1942లో జపాన్ వాళ్ళు రంగం (బర్మాలోని రంగూన్) పట్టుకోకముందు అక్కడికి ఓడలో వెళ్ళొచ్చిన మనిషి. బస్సులో ఎవరికైనా డోకు వస్తే ఈ మాట అనేదట. ‘ఓడెక్కిన మూణ్ణాళ్ళూ’ వరకూ తగువు లేదు. ఆ తరవాత ‘దేవుడే దిక్కు’ అని అమ్మ, ‘దేవుటే దిక్కు’ అని పిన్ని. భగవంతుడా, కడుపులో దేవడమా? దీనికి ముందు ఇంకో ముక్క కూడా ఉండాలి. ఎవరైనా విన్నారా?

చేదబావి: భగవంతుడైతే పస ఏముంది? నూనెలోంచి గారెలు దేవుతాం. అడుగునున్నది పైకి రావడం. కడుపులో జరిగేదీ అదే. ‘టే’ తప్ప కుదరదు.

మంజీర: ‘టే’ దాక ఎందుకండీ. మాకు తినుడు, పండుడు, తిరుగుడు ఎట్లనో దేవుడు గూడ అట్లనే. ‘డే’ ఉంచితేనే రెండర్థాలు వస్తయి. శ్లేష పోగొట్టకండి.

గోదారిగట్టు: కోరంగిలో ‘తినుడు’ అనరు కదండీ.

మంజీర: ఓడ నిండ కోరంగోళ్ళే ఉన్నరా ఏంది?

చేదబావి: ఉన్నారు. బర్మావాళ్ళు తెలుగువాళ్ళందరినీ కలిపి కోరంగీలనే పిలిచారు మరి.

తెరచాప: అందరూ ‘డ’, ‘ట’ పట్టుకుని ‘మూణ్ణాళ్ళు’ వదిలేశారు. ఊగే నేలకి అలవాటుపడడానికి చాలామందికి రెండు మూడు రోజులు పడుతుంది. తాతమ్మ లెక్క తప్పలేదు. ఇక అసలు పాఠం ‘దేవితే దిక్కు’ అని నా నమ్మకం. కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంది, ఎదురుగా ఉన్న గోడ కదలట్లేదని కళ్ళు చెబుతాయి. ఆ తగాదాకే వికారం. పైకొచ్చి నీళ్ళూ ఆకాశమూ కలిసే చోట చూపు నిలిపితే కొంత తగ్గుతుంది. అంటే, దేవితే దిక్కు చూడమని.

చేదబావి: ‘చూడు’ ఎక్కడుంది? మీరు తెచ్చి కలిపిందే.

తెరచాప: అధ్యాహారం.

మంజీర: అధ్యాహారం చేసుకుంటే తిరుమల ఘాట్ రోడ్డు మీద నిమ్మకాయ గూడ వస్తది సామెతల.

తెరచాప: గ్రీకులో ఓడ ‘నౌస్’. వాళ్ళ ‘నాసియా’ దాన్నుంచే పుట్టింది. మన నౌకకి చుట్టమే. ఇంత తీరం పెట్టుకుని మనం మాత్రం గారెల దగ్గరికి వెళ్ళాం.

సీసమాలిక: తీరం మాట వచ్చింది కాబట్టి శ్రీనాథుణ్ణి తలుచుకోకుండా ఎలా? హరవిలాసంలో కృతిపతి (కావ్యం అంకితం పుచ్చుకున్నవాడు), వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి ‘శరధిం గప్పలి జోంగు వల్లి వలికా సమ్మన్లఁ దెప్పించు నేర్పరి’, అంటే రకరకాల ఓడల్లో సముద్రం మీదుగా సరుకు తెప్పించే నేర్పరి. చందనం, కర్పూరం, కస్తూరి అన్నీ చెప్పాడు. తెచ్చిన కళాసీలు ఎన్నిసార్లు కక్కుకున్నారో మాత్రం చెప్పలేదు. పల్నాటి జొన్నకూటి మీద అన్ని చాటువులు (ఆయనవే అయితే) చెప్పినవాడు స్వయంగా ఓడెక్కి ఉంటే వదిలేవాడా? రేవు దాటలేదని నా అనుమానం.

చేదబావి: కృతిపతి వంశ ప్రశంసలో వాంతులెందుకండీ! కప్పలి తమిళ కప్పల్, జోంగు మలయా మాట, సమ్మన్ అంటే సంపాన్ అనే చెక్క పడవే. వల్లి, వలికా వేరువేరు ఓడలా, లేక ‘వల్లివలికా’ అని ఒకటేనా?

సీసమాలిక: వేరు. ఆ పాదంలో ఓడకో మాట చొప్పున నడుస్తోంది.

మంజీర: ‘వల్లి’ల ద్విత్వమన్న ఖాయమా? రాతగాడు ఒక లకారం ఎక్కువ రాసిండేమో.

సీసమాలిక: ఖాయం. మత్తేభంలో తొమ్మిదో అక్షరం గురువు కావాలి. ‘వలి’ అంటే రగణం విరుగుతుంది. ‘వలికా’లో లకారం ఒకటే ఉండాలి, అక్కడ నగణం.

గోదారిగట్టు: పిన్నికి ఫోన్ చేశాను. ఇప్పుడు ‘దేవుడికే దిక్కు లేదు’ అంటోంది.

చేదబావి: గణాలు ఒప్పుకున్నాను. ఒకటే మాటైనా అవే గణాలు పడతాయిగా? యతి కూడా ‘సమ్మన్ల’ దగ్గర ఉంది, మధ్యలో విరవమని ఛందస్సు అడగట్లేదు.

సీసమాలిక: అడగదు. అలాగని కలపమనీ చెప్పదు. ‘వల్లి’ విడిగా ఓడ అర్థంలో ఇంకెక్కడైనా కనిపించిందా, అది చెప్పండి ముందు.