జాహీరాతు, ప్రకటన, చాటింపు

బెంగళూరు మారతహళ్ళి బస్‌స్టాప్‌లో ఖాళీ బోర్డు మీద ‘జాహీరాతిగాగి సంపర్కిసి’ అని రాసి, కింద ఫోన్ నంబరు ఇచ్చారు. కన్నడ లిపి కూడబలుక్కుంటే మనకు వచ్చేస్తుంది కదా, పైకే చదివాను. పక్కనున్న మా అమ్మాయి “జాహీరాతు అంటే ఏంటి నాన్నా?” అంది. యాడ్ అన్నాను. తెలుగులో ఏమంటారంది. ప్రకటన అన్నాను. “అది రైల్వే స్టేషన్లో మైకులో చెప్పేది కదా?”

నిజమే. రైలు ఆలస్యమైనా ప్రకటనే, మంత్రిగారు మాట్లాడినా ప్రకటనే, సబ్బు అమ్మినా ప్రకటనే. అందుకే ముందు ‘వాణిజ్య’ అనో ‘వ్యాపార’ అనో తగిలిస్తాం. కన్నడంలో ఆ ఇబ్బంది లేదు, ప్రకటణె వేరు, జాహీరాతు వేరు. జాహీరాతుకు మూలం అరబ్బీ ‘జాహిర్’, అంటే బయటికి కనబడేది. మరాఠీలోనూ జాహిరాత్ అనే అంటారు. తమాషా ఏమిటంటే, సంస్కృతంలో ‘ప్రకట’ అన్నా అదే అర్థం. రెండూ కంటికి సంబంధించిన మాటలే. హిందీ ‘విజ్ఞాపన్’ మాత్రం మనకు పనికిరాదు, మన దగ్గర విజ్ఞాపన అంటే అర్జీ.

చెవికి సంబంధించిన మాట మనకు ఒకటుంది: చాటింపు. నాకు అదే ఇష్టం. ‘చాటు’ అచ్చ ద్రావిడ ధాతువు. తమిళంలో సాఱ్ఱు, కన్నడంలో సారు. తమిళుల సుఱ్ఱు మన చుట్టు, వాళ్ళ పఱ్ఱు మన పట్టు అయినట్టే ఇదీ. కన్నడిగులు ‘డంగుర సారు’ అంటారు, మనం దండోరా వేయిస్తాం. ‘చెట్టు చాటు’లో ఉన్న చాటుకు అర్థం సరిగ్గా దీనికి ఎదురు. ఒకటి దాస్తుంది, ఇంకొకటి ఊరంతా చెప్తుంది!

యాడ్‌కు చాటింపు అనొచ్చా? పెద్దలు చెప్పాలి.

వ్యాఖ్య: అనలేమండీ. చాటింపులో ఆజ్ఞ ఉంటుంది. ‘ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా’ అన్నాక ఊరు వినాల్సిందే. సరుకు అమ్ముకునేవాడు బతిమాలాలి. అన్నట్టు, డప్పులాంటి వాయిద్యానికి ఇంగ్లీషు మాట ‘టామ్‌టామ్’కు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు హిందీతో పాటు మన ‘టమటమ’నూ మూలంగా చూపిస్తుంది.

జవాబు: ఆజ్ఞ సంగతి ఒప్పుకుంటానండీ. కానీ మా ఊళ్ళో సినిమా మారినప్పుడల్లా రిక్షాకు రెండువైపులా పోస్టర్లు కట్టి, మైకులో చెప్తూ గులాబీరంగు కరపత్రాలు విసిరేవాళ్ళు. ఆ కాగితాల కోసం దుమ్ములో పరుగెత్తేవాళ్ళం. మా అమ్మ దాన్ని ‘సినిమా చాటింపు’ అనే అనేది. మాట అక్కడితో ఆగదు కూడా. తరతరాలుగా ఊరివాళ్ళ కబురు మోసిన డప్పుతోనే, 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం తమ సొంత మాట చాటింది. అప్పటి నుంచి దండోరా అంటే ఒకరి ఆజ్ఞ కాదు, హక్కు అడగడం. అంత దూరం నడిచిన మాట కుటుంబంలోని చాటింపు, సబ్బు బిళ్ళ దాకా రాలేదంటారా?