మూడు కార్డులు, 3,84,000 బాకీ. మినిమం కడుతున్నా తగ్గట్లేదు, ఏం చేయాలి?

నిజాంపేట_కెమిస్ట్

నైట్ షిఫ్ట్‌లో కూర్చుని ఫోన్‌లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. నాకు 33 ఏళ్లు. బాచుపల్లి వైపు ఒక మందుల కంపెనీలో క్యూసీ కెమిస్ట్‌ని. చేతికి 46,000 వస్తుంది. నిజాంపేటలో సింగిల్ బెడ్‌రూమ్, అద్దె 9,000. భార్య, నాలుగేళ్ల పాప. సొంతూరు మిర్యాలగూడ దగ్గర.

మొదటి కార్డు మీద 1,92,000, రెండోదాని మీద 1,24,000, మూడోదాని మీద 68,000 ఉంది. ఆ మూడోదాంట్లో 20,000 ఏటీఎంలో తీసిన క్యాష్. క్యాష్ తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ పడుతుందని స్టేట్‌మెంట్ వచ్చాకే తెలిసింది.

2023లో నాన్నకు స్టెంట్ వేయించినప్పుడు 1,10,000 కార్డు మీద గీకాను. అలా మొదలైంది. కానీ నిజం చెప్పాలంటే మిగతాదంతా స్టెంట్ ఖాతాలో రాయలేను. ఏసీ, ఫోన్, చెల్లెలి పెళ్లికి బట్టలు, ఆ తర్వాత ఏదీ గుర్తులేని చిల్లర ఖర్చులు. పాయింట్లు వస్తాయని ఉప్పు పప్పు కూడా కార్డు మీదే.

ఏడాదికి పైగా రొటేషన్ చేశాను. తెలిసినవాళ్లకు తెలుసు, కొన్ని షాపుల్లో కార్డు గీకితే నూటికి రెండున్నర పట్టుకుని క్యాష్ చేతిలో పెడతారు, దాంతో ఇంకో కార్డు బిల్లు కడతాం. నెలకు 1,20,000 దాకా తిప్పాను. అంటే నెలకు 3,000 కమిషన్. 14 నెలలకు 42,000. ఈ లెక్క ఇవాళే వేశాను, ఇన్నాళ్లూ వేయబుద్ధి కాలేదు. ఇప్పుడు లిమిట్లన్నీ నిండిపోయాయి, తిప్పడానికి కూడా ఏమీ లేదు. నాలుగు నెలలుగా మూడింటికీ మినిమం, అంటే బిల్లులో కనీసం ఇంతైనా కట్టమని వేసే మొత్తం మాత్రం కడుతున్నాను. 9,600, 6,200, 3,400, మొత్తం 19,200. బాకీ మాత్రం ఎక్కడిదక్కడే కూర్చుంది.

రెండు చోట్ల పర్సనల్ లోన్ అడిగితే సిబిల్ (అప్పులు ఎలా కట్టామో చూసి వేసే స్కోరు) 640 మాత్రమే ఉందని కాదన్నారు. ఒక కన్సల్టెన్సీ అబ్బాయి ఫోన్ చేసి, కట్టడం ఆపేయండి సార్, సగానికి సెటిల్ చేయిస్తాం, ముందు 15,000 ఫీజు కట్టండి అన్నాడు. ఊళ్లో మేనమామ రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానంటున్నాడు. వీటిలో ఏది మేలు? అసలు కార్డుల వాళ్లు ఇంత వడ్డీ వేయడానికి లిమిట్ అంటూ ఏమీ లేదా?

ఇంట్లో తెలియదు. స్టేట్‌మెంట్లన్నీ మెయిల్‌కే వస్తాయి.

కౌంటర్_నంబర్_4

తమ్ముడూ, నేను 31 ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం బంగారు రుణాల కౌంటర్‌లోనే. కాబట్టి నా సలహా ఎటు పోతుందో ముందే తెలిసిపోతుంది, అయినా లెక్క చూడు.

మీ మేనమామ భాషలోనే మాట్లాడుకుందాం. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు. ఎవరైనా మూడు రూపాయలకు తెచ్చారంటే ఊళ్లో జనం అయ్యో అంటారు. ఇప్పుడు నీ మొదటి కార్డు స్టేట్‌మెంట్‌లో సన్న అక్షరాల పేజీ తీయి. నెలకు 3.75 శాతమో, దాని దరిదాపుల్లోనో ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నాలుగు రూపాయల నలభై రెండు పైసల వడ్డీ. ఊళ్లో ఇంతకు ఇచ్చేవాణ్ణి ఏమని పిలుస్తామో నీకు తెలుసు. కార్డు మీద శాతాల్లో రాస్తారు కాబట్టి మనకు తగలదు.

1,92,000కు వడ్డీ 7,200, జీఎస్టీ 1,296. మొత్తం 8,496. నువ్వు కట్టేది 9,600. అసలులోకి పోయింది 1,104 రూపాయలు. మూడు కార్డులకూ ఇదే రేటు వేస్తే నెలకు దాదాపు 17,000 వడ్డీకే పోతోంది, రోజుకు 560 పైచిలుకు. ఇంకో సంగతి, పాత బాకీ నిలబెట్టుకున్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు ఉండదు. ఉల్లిగడ్డలు కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ. అందుకే ముందు ఆ కార్డులతో కొనడం ఆపు, పాయింట్లు పోతే పోనీ.

లిమిట్ గురించి అడిగావు. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ దారిలో ఆశ పెట్టుకోకు.

ఇంట్లో బంగారం ఉందా? 9.5 శాతానికి దొరికితే నూటికి నెలకు ఎనభై పైసలు. 3,00,000కు నెల వడ్డీ 2,375. అదే 3,00,000 కార్డు మీద ఉంటే 13,275. సిబిల్ 640 అని ఇక్కడ పెద్దగా పట్టించుకోరు, నగ చేతిలో ఉంటుంది కాబట్టి. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. మామూలుగా ఏడాది గడువు. ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించుకుని వెళ్లిపోయేవాళ్లను చాలామందిని చూశాను. ఒకావిడ వడ్డాణం నేను ఆ బ్రాంచికి వెళ్లేటప్పటికి లోపలుంది, ట్రాన్స్‌ఫర్ అయి వచ్చేటప్పుడూ లోపలే ఉంది. అలా చేయకు. ఇప్పుడు కట్టే 19,200 ఒక్క రూపాయి తగ్గించకుండా అక్కడ కట్టు. ఏడాదిన్నరలోపే నగ ఇంటికొస్తుంది.

బంగారం కుదరకపోతే కార్డు బ్యాంకునే బాకీ మొత్తం ఈఎంఐగా మార్చమని అడుగు. వడ్డీ సగానికంటే తగ్గొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉంటాయి, అవి కలిపి లెక్కేసుకో. మేనమామ డబ్బు కూడా కార్డు కంటే చవకే, కాదనను. కానీ రెండు రూపాయలు కూడా తక్కువేం కాదు, పైగా అది ప్రతి పెళ్లిలోనూ ఎదురొచ్చే బాకీ.

ఆటోనగర్_పాతకాపు

విశాఖ నుంచి. కన్సల్టెన్సీ గురించి మాత్రం నేను చెప్తాను, తక్కినది పెద్దాయన చెప్పేశారు.

కోవిడ్‌లో నా వర్క్‌షాప్ మూతపడింది. కార్డు మీద 1,46,000 ఉంటే 2021లో 60,000కు సెటిల్ చేసుకున్నాను. ఆ రోజు మా ఇంట్లో చికెన్ వండుకున్నాం. 2024లో ఫ్లాట్ కోసం హోమ్ లోన్‌కు వెళ్తే సిబిల్ రిపోర్టులో 'సెటిల్డ్' అని ఉంది. పూర్తిగా కడితే 'క్లోజ్డ్', కొంత కట్టి ముగించుకుంటే 'సెటిల్డ్', రెండూ ఒకటి కాదని అప్పుడు తెలిసింది. ఆనాడు వదిలేసిన మిగతా మొత్తం కట్టి, నో డ్యూ లెటర్ తెచ్చుకుని, అది మార్పించుకునేసరికి ఐదు నెలలు. ఆ ఫ్లాట్ వేరేవాళ్లు కొనుక్కున్నారు.

నాకు అప్పుడు వేరే దారి లేదు. మీకు జీతం వస్తోంది కదా అన్నా, మీరెందుకు ఆపడం? ఆపితే ఫోన్లు మొదలవుతాయి. నాకే కాదు, రాజాంలో మా పెదనాన్నకు కూడా చేశారు. ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక రికవరీ ఫోన్లు చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులో చెప్పింది. ఇప్పుడెవరికైనా అలాంటి ఇబ్బంది ఉంటే ముందు బ్యాంకుకు రాతలో ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) వెళ్లొచ్చు, వివరాలకు 14448. రేపు పోలీసులొస్తారు అని బెదిరిస్తే హడలిపోకండి, కార్డు బాకీ సివిల్ వ్యవహారం. చెక్కు ఇచ్చి అది బౌన్సయితే మాత్రం వేరే కథ.

ఆ 15,000 ఫీజు కట్టొద్దు. వాళ్లు చేసే ఆ ఫోన్ మీరే చేయగలరు. ఎప్పుడైనా ఎవరైనా సెటిల్మెంట్‌కు వెళ్లాల్సివస్తే బ్యాంకు లెటర్‌హెడ్ మీద కాగితం వచ్చాకే డబ్బు, అదీ కార్డు ఖాతాకే. ఏజెంటు యూపీఐకి పంపి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

తెనాలి_టైలరమ్మ

కార్డుల సంగతి నాకంతగా తెలియదండీ. ఆ "ఇంట్లో తెలియదు" అని రాశారే, ఆ ఇంట్లో తెలియని మనిషిని నేను.

మా ఆయనకు 2,30,000 ఉందని కొరియర్ అబ్బాయి ఇచ్చిన నోటీసు చూసి తెలిసింది. బాకీకి కాదు నాకు కడుపు మండింది. ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతానికి, ఈసారి చిన్న కాసు కొనుక్కుందామా అని అడిగాను. సరేనన్నారు. అది కూడా కార్డు మీదే కొన్నారట. వద్దు, ఇలా ఉంది పరిస్థితి అంటే నేనేమన్నా పీక పట్టుకునేదాన్నా? ఆ కాసు ఇప్పటికీ మెడలో వేసుకోబుద్ధి కాదు.

బంగారం పెట్టమని పెద్దాయన సులువుగా చెప్పారు. అది ఎవరి బంగారం? బీరువాలోంచి తీసుకెళ్లి పెట్టేసి తర్వాత చెబుదామనే ఆలోచన ఉంటే మానుకోండి. ఊరికే "కొంచెం బాకీ ఉంది" అని నోటితో అనకండి, మూడు స్టేట్‌మెంట్లూ ప్రింటు తీసి ముందు పెట్టండి. ఆ రొటేషన్ 42,000 కూడా చెప్పండి.

మీ ఇంట్లో చీటీ ఏదన్నా ఉందా? మగవాళ్లు చీటీని లెక్కలోకి తీసుకోరు, అందుకే అడుగుతున్నాను.

నిజాంపేట_కెమిస్ట్

ఉందండీ. లక్ష చీటీ, 20 నెలలు, నెలకు 5,000. రిజిస్టర్డ్ కంపెనీయే. 11 కట్టాం. పాప స్కూలు ఫీజుకని తను వేసింది. నిజంగానే నేను దాన్ని లెక్కలో అనుకోలేదు.

ఆదివారం చెప్తాను.

కౌంటర్_నంబర్_4

అక్క చెప్పింది సరైన మాట, నేను అడగాల్సింది అడగలేదు.

చీటీ పాడేయండి. సగం దాటాక పాటలో వదులుకోవాల్సిన తగ్గింపు మొదట్లో ఉన్నంత ఉండదు. ఒక పక్క చీటీలో నిదానంగా పోగుచేస్తూ ఇంకో పక్క నాలుగున్నర రూపాయల వడ్డీ కట్టడం అంటే బకెట్‌కు చిల్లు పెట్టుకుని నీళ్లు తోడటమే. వచ్చిన డబ్బుతో మూడో కార్డు మూసేయ్, చిన్నది కాబట్టి ఒక్క దెబ్బకు పోతుంది. పూర్తిగా కట్టి క్లోజ్ చేయమని అడిగితే ఏడు పనిదినాల్లో చేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 నీకివ్వాలి. ఇది ఆర్‌బీఐ 2022 నిబంధన.

కట్టే రోజున యాప్‌లో కనిపించే మొత్తం చూసి కట్టకు. కస్టమర్ కేర్‌ను అడిగి ఆ రోజు వరకు పడ్డ వడ్డీతో సహా ఎంతో కనుక్కో.

నిజాంపేట_కెమిస్ట్

ఏడు వారాలైంది. ఏమైందో చెప్పకపోతే బాగుండదని వచ్చాను.

ఆదివారం పాప పడుకున్నాక కాగితాలు ముందు పెట్టాను. తను అన్నీ చదివింది. ఏమీ అనలేదు. లేచి ఏసీ ఆపేసి కిటికీ తీసింది. రాత్రి పన్నెండింటికి ఒక్కటే అడిగింది, ఆ 20,000 క్యాష్ ఎందుకు తీశావని. మిగతా రెండు కార్డుల మినిమం కట్టడానికి అని చెప్పాను. అప్పుడు ఏడ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు తనే హారం, గాజులు తీసి మంచం మీద పెట్టింది. పుస్తెలతాడు నేను అడగలేదు, తనూ తీయలేదు.

రాళ్లు, లక్క బరువు తీసేసి లెక్కగడితే 3,00,000 వచ్చింది, 9.5కే. చీటీ పాటకు తనే వెళ్లింది. ఇంకొకాయన పోటీకి దిగాడట, 81,000 చేతికొచ్చింది. మొదటిదీ మూడోదీ కట్టేశాను, రెండోదానికి తక్కువపడింది జీతంలోంచి వేశాను. ఆ నెల ఇంట్లో పచ్చడి మెతుకులే.

కౌంటర్ అన్న చెప్పినా వినకుండా మొదటి కార్డుకు యాప్‌లో చూసి కట్టాను. బాకీ సున్నా అనుకుంటే తర్వాతి స్టేట్‌మెంట్‌లో మళ్లీ 3,400 చిల్లర వడ్డీ వచ్చింది. మధ్యలో 12 రోజులదట. అదీ కట్టాను.

రెండో, మూడో కార్డులు క్లోజ్ చేయించాను. క్లోజ్ చేయమన్నందుకు మూడుసార్లు ఫోన్ వచ్చింది, లిమిట్ పెంచుతాం, ఉంచుకోండి సార్ అని. బంగారం లోన్‌కు ఈ నెల 19,200 కట్టాను. అందులో వడ్డీ 2,375 పోగా మిగిలిందంతా అసలుకే పోయింది. ఆ రసీదు నాలుగుసార్లు చూసుకున్నాను. తను ఇంట్లో జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది, నేను వద్దనలేదు.

ఒక డౌటు. ఆ మొదటి కార్డు కూడా తీసేయమంటారా?

కౌంటర్_నంబర్_4

అన్నిట్లో పాతదైతే ఉంచు, సిబిల్ కోలుకోవడానికి పనికొస్తుంది. లిమిట్ మాత్రం 30,000కు తగ్గించమని రాసివ్వు. జేబులో పెట్టుకోకు.

నిజాంపేట_కెమిస్ట్

జేబులో లేదన్నా. హారం పెట్టుకునే డబ్బా ఖాళీగా ఉంది కదా, తను అందులో పెట్టి బీరువాకు తాళం వేసింది. తాళంచెవి ఎక్కడుందో నాకు తెలియదు.