‘సైకో’: నవల్లో మాట్లాడే తల్లిని తెర మీద ఎలా దాచారు? (ముగింపు తెలిసిపోతుంది, చూడనివాళ్లు ఆగండి)

పాతరీలు:
రాబర్ట్ బ్లాక్ నవల (1959) మొదటి అధ్యాయంలోనే మోటెల్ నడిపే నార్మన్, వాళ్లమ్మ ఒకే గదిలో వాదించుకుంటారు. నిజానికి ఆమె ఎప్పుడో చనిపోయింది, ఆమెలా మాట్లాడేదీ, ఆమె వేషంలో హత్యలు చేసేదీ నార్మనే. కాగితం మీద అది చెల్లుతుంది. కెమెరా ముందైతే మనిషి కనబడాలి కదా? 1960లో దీన్ని సినిమాగా తీసిన దర్శకుడు హిచ్‌కాక్ ఎలా నెట్టుకొచ్చాడు?

కత్తెర:
ముందు ఎత్తుగడే మార్చారండి. స్క్రీన్‌ప్లే రాసిన జోసెఫ్ స్టెఫానో కథను ఫీనిక్స్‌లో 40,000 డాలర్లు కాజేసే మారియన్‌తో మొదలుపెట్టాడు (నవల్లో ఆమె పేరు మేరీ). దాంతో తల్లి గురించి మనకు మొదట తెలిసేది మోటెల్‌కు వచ్చిన మారియన్‌కు కిటికీలో కనబడ్డ నీడ, ఆమె చెవిన పడ్డ తగాదా మాత్రమే. నవల్లో నార్మన్ నలభై ఏళ్ల లావుపాటి తాగుబోతు. ఆ మనిషినే తెర మీద పెడితే పావుగంటలో దొరికిపోయేవాడు. బక్కపల్చగా, బెరుగ్గా ఉండే ఆంథోనీ పెర్కిన్స్‌ని చూస్తే జాలేస్తుంది, అనుమానం రాదు.

మూడోకన్ను:
అసలు పనితనం మెట్ల మీద ఉంది. మారియన్‌ను వెతుక్కుంటూ వచ్చిన డిటెక్టివ్‌ను తల్లి వేషంలో ఉన్న నార్మన్ మెట్ల మీద పొడుస్తాడు. డిటెక్టివ్ పైకి వచ్చేసరికి కెమెరా నడినెత్తిన ఉంటుంది. వెనకనుంచి తీస్తే మొహం కావాలనే దాస్తున్నారని ప్రేక్షకుడు పసిగడతాడు. పైనుంచి తీస్తే ఆ ఆలోచనే రాదు. ఆ వెంటనే డిటెక్టివ్ మొహం పెద్ద క్లోజప్, ఆ అదురులో తల్లి సంగతి మర్చిపోతాం.

నార్మన్ తల్లిని నేలమాళిగకు మోసుకెళ్లే షాట్ ఇంకా గడుసు. నార్మన్ వెనకే కెమెరా కట్ లేకుండా పైకి లేచి, నిట్టనిలువుగా కిందకు చూస్తుంది. ఈలోగా గదిలోంచి ఇద్దరి వాదన. ధ్యాసంతా మాటల మీదే ఉంటుంది, కోణం మారిందని గమనించం. ఆ తల్లి గొంతూ పెర్కిన్స్‌ది కాదు: వర్జీనియా గ్రెగ్, జెనెట్ నోలన్, పాల్ జాస్మిన్. ముగ్గురిలో ఒకరు మగమనిషి! మారియన్‌ను చంపే షవర్ సీన్లో కత్తి పట్టిన ఆకారం కూడా డూపే.

పాతరీలు:
షవర్ హత్య నవల్లో నాలుగు ముక్కల్లో అయిపోతుంది. ఇక్కడ అంతసేపెందుకు?

కత్తెర:
నిడివి ముప్పావు నిమిషమే, షూటింగ్ మాత్రం ఏడు రోజులు. అక్కడ సంగీతం వద్దనుకున్నాడు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాలతో చేసింది విన్నాక ఒప్పుకున్నాడు. రక్తం చాక్లెట్ సిరప్, బ్లాక్ అండ్ వైట్ కాబట్టి సరిపోయింది.

మూడోకన్ను:
తేలిపోయింది చివర్లో సైకియాట్రిస్టు ఉపన్యాసమే. నార్మన్ ఎందుకలా అయ్యాడో నవల్లో మారియన్ ప్రియుడు శామ్ ఆమె చెల్లెలు లైలాకు చెబుతాడు, ఇద్దరి మాటల్లో నడిచిపోతుంది. తెర మీద ఒకాయన నిలబడి పాఠం చెబుతున్నట్టుంది. సగానికి కోసినా కథకు లోటు రాదు.