మధ్య గోడ ఒక్కటే, మృదంగం అవతలికి వినపడకుండా ఏం చెయ్యాలి?

విజయనగరం, అయ్యకోనేరు దగ్గర మా ఇల్లు. పక్కింటికీ మాకూ మధ్య ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఒక్కటే. మా గుంటడు మృదంగం నేర్చుకుంటున్నాడు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, వద్దంటే ఎలాగ? పక్కింటి కోడలు ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. మొన్న మేడ మీద బట్టలారేస్తూ, "బాబుకి ఇప్పుడు తాళం కుదిరిందండీ" అంది. అప్పట్నుంచి నాకు టెన్షన్. గోడకి గుడ్ల అట్టలు అంటించాను, లాభం లేదు. దూది లాంటిది కూరుదామంటే గోడలో ఖాళీయే లేదు.

జవాబు 1
గుడ్ల అట్టలు గదిలో ప్రతిధ్వనినే తగ్గిస్తాయండి. గోడ దాటే శబ్దాన్ని ఆపేది బరువు. ఖాళీ లేదంటే మనమే చేసుకోవాలి. పాత గోడకి అంగుళం ఎడంగా జీఐ (జింకు పూత ఇనుము) ఫ్రేము నిలబెట్టి, నేలకీ శ్లాబుకీ రబ్బరు పట్టీ వేసి బిగించండి. ఫ్రేములో 50 ఎంఎం రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పలక), దాని మీద 12.5 ఎంఎం జిప్సం బోర్డు రెండు పొరలు. ఒక్క స్క్రూ పాత గోడకి తగిలినా దరువు అందులోంచే పోతుంది. గది నాలుగు అంగుళాలు తగ్గుతుంది. రాక్‌వూల్ ఒంటికి తగిలితే దురద, గ్లోవ్స్, మాస్కు ఉండాలి. చెక్క ఫ్రేము వద్దు, చెదలు. థర్మోకోల్ అసలే వద్దు, బరువుండదు, పైగా అంటుకుంటే ఆగదు. ఇంత చేసినా మోత తగ్గుతుందే గాని పూర్తిగా పోదు, శ్లాబు రెండిళ్ళకీ ఒకటే కదా.

జవాబు 2
శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. డబ్బు తియ్యకముందు ఆ గోడకున్న స్విచ్ బోర్డు విప్పించి చూడండి. మా ఇంట్లో రెండు బోర్డులూ ఎదురెదురుగా ఉండేవి, మధ్యలో ఇటుకే లేదు. మాది విప్పగానే వాళ్ళ సీరియల్లో అత్తగారి తిట్లు మా గదిలో వినపడ్డాయి! పెట్టెని పక్కకి జరిపి కంత సిమెంటుతో పూడిస్తే సగం గోల పోయింది. గోడకి చెమ్మ ఉంటే మాత్రం ముందు అది ఆపాలి, లేకపోతే జిప్సం బోర్డు వెనక బూజు పడుతుంది.

అడిగినాయన
ఎలక్ట్రీషియన్ చేత విప్పించాను. వేలు దూరేంత కంత ఉంది, లైటు వేస్తే అవతలి వైర్లు కనపడుతున్నాయి. వాళ్ళ మెయిన్ కూడా ఆపాలి కాబట్టి వెళ్ళి చెప్పక తప్పలేదు. ఆ అమ్మాయి నవ్వి, "నేను నాలుగింటికి లేస్తానండీ, ఆ తరవాత ఎంతసేపైనా వాయించుకోమనండి" అంది. రేపు మేస్త్రీ వస్తున్నాడు, ముందు కంత పూడుస్తాం.