చెట్లు పోకుండా రోడ్డు వెడల్పు: డీపీఆర్ (పని పూర్తి ప్రణాళిక నివేదిక) ఖరారయ్యేలోపు ఏం అడగాలి?

పొలంగట్టు:
మండల కేంద్రం నుంచి హైవేకు కలిసే 14 కి.మీ. తారు రోడ్డు వెడల్పు ఇప్పుడు 5.5 మీటర్లే. రెండు వరుసల (లేన్ల) రోడ్డు చేయడానికి సర్వే నడుస్తోంది. రెండు పక్కలా చింత, మర్రి చెట్లు, మధ్యలో మూడు ఊళ్లు. కోతలప్పుడు ట్రాక్టర్లు, హార్వెస్టర్లతో దారి దొరకదు కాబట్టి వెడల్పు కావాల్సిందే. అప్పా జంక్షన్–మన్నెగూడ 46 కి.మీ. దారిలో తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల విషయం చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇక్కడ అంతదాకా రాకుండా గ్రామసభ ఏమేం రాసివ్వాలి?

చైనేజీ:
మొదట ట్రాఫిక్ లెక్క అడగండి. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 9వ నంబరు ప్రమాణం ప్రకారం వరసగా ఏడు రోజులు, 24 గంటలూ లెక్కించాలి. ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకటి కోతల కాలంలో. పీసీయూ (ప్రతి బండినీ ఎన్ని కార్లకు సమానమో చెప్పే) లెక్కలో బైకు 0.5 అయితే ట్రాలీ ఉన్న ట్రాక్టరు 4.5. అందుకే వేసవిలో ఒక్కసారి లెక్కపెట్టి ఊరుకుంటే మీ రోడ్డు అసలు బరువు తెలియదు. మైదానంలో 7 మీటర్ల రోడ్డుకు రోజుకు 15,000 పీసీయూ దాకా ఐఆర్‌సీ 64 ఒప్పుకుంటుంది. రెండు పక్కలా 1.5 మీటర్ల తారు షోల్డరు (రోడ్డు అంచు పట్టీ) ఇస్తే మరో 15 శాతం. మండల రోడ్డుకు ఇది చాలా ఎక్కువే, నాలుగు వరుసల మాట ఎవరన్నా ఎత్తితే ఈ అంకె ముందు పెట్టండి.

ఇక అసలు విషయం. సెంటర్ లైను కదపకుండా రెండు వైపులా సమానంగా పెంచితే రెండు వరుసల చెట్లూ పోతాయి. ఒక వైపే పెంచితే ఒక వరుస నిలుస్తుంది. చెట్లు ఏ వైపు బాగున్నాయో చూసి, ఊరికీ ఊరికీ మధ్య వైపు మార్చుకోవచ్చు, ఆ మలుపు మెల్లగా తిరిగేలా ఉంటే చాలు. ప్రతి చెట్టుకూ చైనేజీ (రోడ్డు మొదటి నుంచి ఎంత దూరంలో ఉందో), మొదలు చుట్టుకొలత, తారు అంచు నుంచి దూరం ప్లాన్ షీటులో ఎక్కాలి. ఎక్కని చెట్టు కాంట్రాక్టరుకు కనబడదు.

వేరుమట్టి:
చెట్టును ప్లాన్‌లో మిగిల్చి పనిలో చంపడం మామూలుగా జరిగేదే. సైడు కాలువకు జేసీబీతో తవ్వి వేర్లు తెంపుతారు, లేదా మొదలు మీద మీటరు ఎత్తు మొరం పోస్తారు. వేర్లకు గాలి అందదు, రెండు మూడేళ్లకు చెట్టు ఎండుతుంది. వేర్ల రక్షణకు మొదలు వ్యాసానికి 12 రెట్ల దూరం వాడుక లెక్క. చుట్టుకొలత 2.5 మీటర్లుంటే వ్యాసం 80 సెం.మీ., దూరం 9.6 మీటర్లు. రోడ్డు పక్కన అంత దొరకదు కాబట్టి చెట్టున్న చోట కాలువను అవతలి వైపుకు మార్చమనండి, కంకర కుప్పలు నీడలో వేయొద్దని షరతు రాయించండి.

చెట్టు మొదలుకు వేసే తెల్లరంగు పట్టీ ఒక్కటే బండ్లవాళ్లను కాపాడదు. వంపుల్లో ఇనుప గార్డు రెయిలు కావాలి. అది దెబ్బకు వెనక్కి వంగుతుంది, మొదలుకు ఆనించి పెడితే పెట్టనట్టే.

పొలంగట్టు:
తప్పనిసరిగా తీయాల్సిన చెట్లను వేరేచోటికి మారుస్తామంటున్నారు. నమ్మొచ్చా?

వేరుమట్టి:
మర్రి, రావి తట్టుకుంటాయి. ముదురు చింతకు ఆశ తక్కువ, దాన్ని ఆ జాబితాలో రాయనివ్వకండి. కొమ్మలు తగ్గించి, వేర్ల ముద్ద చెదరకుండా ఎత్తాలి, కనీసం రెండేళ్లు నీళ్లు పోయాలి. ఆ నీళ్ల ఖర్చు ఎస్టిమేటులో లేకపోతే మార్చడం పేరుకే. కొట్టేవాటికి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం కింద అనుమతి విడిగా తీసుకోవాలి.

తూముకాడ:
ఊళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత తారు మీదే పొరలు వేసుకుంటూ పోతే రోడ్డు గడపల కంటే ఎత్తవుతుంది, వాన నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. ఊళ్లో పాత పొర తవ్వి, అదే మట్టంలో సీసీ వేయమనండి. ఊరి మొదట్లో గుట్టలా పోసిన తారు బంపు వద్దు, ఐఆర్‌సీ 99 కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు. దాని మీద మెల్లగా పోతే అంబులెన్సుకు కుదుపు తక్కువ.

పొలాల తూములన్నీ రైతుల్ని వెంటబెట్టుకుని నడిచి రాయించండి. 900 మి.మీ. కన్నా చిన్న గొట్టం వేస్తే పూడిక తీయడానికి మనిషి దూరలేడు. ప్రతి బండిబాటకూ ర్యాంపు ఉండాలి. ఊరికో కల్లం కూడా అడగండి, లేకపోతే వడ్లు కొత్త షోల్డరు మీదే ఆరబోస్తారు, అంచున పెట్టిన రాళ్లు రాత్రిపూట బైకులవాళ్లకు కనబడవు.