కోత మిషన్ దగ్గర బండానా చాలదా? అసలు అది ఎవరిది?

బేతంచెర్ల సూపర్‌వైజర్:
మాది నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ. ఎండలు ముదిరాయి, దుమ్మూ ఎక్కువైంది. పనివాళ్లకు తలా రెండు బండానాలు, అదే తలకో మెడకో కట్టుకునే చదరపు రుమాళ్లు, కొనిద్దామని మా ఓనర్ అంటున్నాడు. అమెరికాలో కౌబాయ్‌లు పశువుల మంద వెనక దుమ్ములో పోతూ మూతికి కట్టుకున్నది ఇదే కదా, మనకూ సరిపోతుందని ఆయన మాట. వాడినవాళ్లు చెప్పండి. హోల్‌సేల్‌లో ఎక్కడ చవక?

ధర్మవరం మగ్గం:
అమెరికా పేరు ఎత్తగానే నాకు మండింది అన్నా. బండానా పుట్టింది మన దేశంలో. గుజరాత్, రాజస్థాన్‌లలో గుడ్డను చిటికెడు చిటికెడుగా పైకి లాగి, దారంతో గట్టిగా చుట్టి రంగులో ముంచుతారు. దారం విప్పితే చుట్టినంత మేర తెల్ల చుక్క మిగులుతుంది. అదే బాంధనీ. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఇలాంటి పట్టు రుమాళ్లను బెంగాల్ నుంచి ఓడల్లో ఇంగ్లండ్‌కు తీసుకుపోయింది. నశ్యం పీల్చే దొరలకు ముదురు రంగు, నిండు డిజైన్ బాగా నచ్చాయి, మరకలు కనపడవు కాబట్టి. తర్వాత వాళ్లే కాపీ కొట్టారు. గ్లాస్గోలో ఎర్ర గుడ్డను సీసపు పలకల మధ్య బిగించి, బ్లీచింగ్ ద్రావణం పంపి ఆ చుక్కలు తెప్పించారు. బండానా మీద కనపడే మామిడిపిందె డిజైన్ కూడా కాశ్మీర్ శాలువల నుంచి పోయిందే.

కడప బైకర్:
హెల్మెట్ కింద కట్టుకుంటా. చెమట కళ్లలోకి దిగదు, హెల్మెట్ వాసన రాదు. నాకు అంతే తెలుసు.

తాడిపత్రి రాయి:
చరిత్ర బాగుంది, కానీ సూపర్‌వైజరన్న అడిగింది దుమ్ము గురించి. గుడ్డ రాతి దుమ్మును ఆపదు. కంటికి కనపడే దుమ్ము ముక్కులోనే ఆగుతుంది. ఊపిరితిత్తుల లోపలికి పోయేది 10 మైక్రాన్ల కంటే సన్నది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అది నేత సందుల్లోంచీ, చెంపల పక్కనుంచీ దూరిపోతుంది. కౌబాయ్ మొహాన పడింది మట్టి, మన మొహాన పడేది రంపం కోసిన రాయి.

ధర్మవరం మగ్గం:
మన చీరాలలో తేలియా రుమాళ్లు నేసేవాళ్లు నూలును నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఎరుపెక్కించేవాళ్లు. అరబ్ దేశాలవాళ్లు వాటిని తలకు కట్టుకున్నారు. గుడ్డ అంటే చేతకాని వస్తువన్నట్టు మాట్లాడకప్పా.

తాడిపత్రి రాయి:
నేను గుడ్డను తిట్టానా? మా నాయన గ్రానైట్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి తువ్వాలు మూతికి బిగించుకునే పని చేశాడు. సాయంత్రానికి తువ్వాలు లోపలి వైపు కూడా తెల్లగా అయ్యేది. అమ్మ రోజూ దాన్ని బండకేసి బాది ఉతికేది. చివరికి ఎక్స్‌రే చూసి డాక్టర్ సిలికోసిస్ అన్నాడు, అంటే రాతి దుమ్ములోని సిలికా పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. దానికి నయం చేసే మందు లేదు. మెట్లెక్కాలంటే ఇప్పుడు మూడో మెట్టు దగ్గర కూర్చుంటాడు. ఆ ఫ్యాక్టరీ ఓనర్ కూడా "గుడ్డ కట్టుకోండిరా" అనే చెప్పాడు.

ఎమ్మిగనూరు అక్క:
అయ్యో తమ్ముడూ. మిరపకాయలు కోసేటప్పుడు మేం పాత చీర ముక్క తడిపి మెడకు చుట్టుకుంటాం. ఎండకు ప్రాణం లేచొస్తుంది. మీ రాయి పని సంగతి వేరు.

బేతంచెర్ల సూపర్‌వైజర్:
మాది గ్రానైట్ కాదు, నాపరాయి. మాస్కులంటే మళ్లీ మళ్లీ కొనాలి. గుడ్డయితే ఒక్కసారి కొంటే ఏడాది వస్తుంది. పైగా మాస్కు ఇస్తే ఉక్క పోస్తోందని వాళ్లే తీసి జేబులో పెట్టుకుంటారు.

తాడిపత్రి రాయి:
ఇప్పుడొచ్చింది అసలు మాట! లెక్కంతా డబ్బుదే అన్నమాట. నాపరాయిలో సిలికా తక్కువ ఉండొచ్చు, లేకుండా లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచే సిలికోసిస్ సర్కారుకు తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. గుడ్డ ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు. ఇంకోటి, బండానా కొస వేలాడితే తిరిగే బెల్టు లాగేస్తుంది. అప్పుడు మెడ పోతుంది.

ధర్మవరం మగ్గం:
మరి హోల్‌సేల్‌లో కొనేది ఎవరి గుడ్డ? మిషన్ ప్రింట్ గుడ్డే కదా! నేను నేసిన అంచు ఫోటో తీసుకుని, ఒక షాపతను ప్రింట్ కొట్టించి నాలుగో వంతు ధరకు అమ్మాడు. ఆ ఏడాది నా మగ్గం సగం రోజులు ఖాళీ. నా కోపం అక్కడుంది.

తాడిపత్రి రాయి:
ఆ కోపం న్యాయమే మామా. కానీ నువ్వు గుడ్డ గొప్పతనం చెప్పేకొద్దీ ఆ ఓనర్‌కు సాకు దొరుకుతోంది.

ధర్మవరం మగ్గం:
సాకుకు నేను ఒప్పుకోను. మూతికి మాస్కు, మెడ చెమటకు గుడ్డ. రెండూ ఓనరే కొనాలి. ఆ గుడ్డేదో నేతవాళ్ల దగ్గర కొనమని సూపర్‌వైజరన్నే చెప్పాలి.

బేతంచెర్ల సూపర్‌వైజర్:
చేనేత ధరకు మా ఓనర్ ఒప్పుకోడు, ముందే చెప్తున్నా. మాస్కు సంగతి అడుగుతా. ఏది తీసుకోవాలి?

తాడిపత్రి రాయి:
కనీసం ఎన్95, ముక్కు దగ్గర పట్టీ బిగిసేది. గడ్డం ఉంటే సరిగ్గా అతకదు. అంతకంటే ముందు బ్లేడు మీద నీళ్లు పడే పైపు చూడు. రాయి తడిగా కోస్తే దుమ్ము చాలావరకు లేవదు. మీ దగ్గర ఎన్ని మిషన్లకు నీళ్లు వస్తున్నాయి?

బేతంచెర్ల సూపర్‌వైజర్:
పెద్ద కోత మిషన్లకు వస్తాయి. అంచులు కొట్టే చిన్న కట్టర్లకు లేదు.

తాడిపత్రి రాయి:
మా నాయన పట్టుకున్నది ఆ చిన్న కట్టరే. ముందు దానికి పైపు వేయించన్నా.