దొంగ కారు విప్పే సీన్‌ని రోల్‌ప్లేలో ఎలా నడపాలి?

జీటీఏ 5 వీడియో గేమ్‌లో ఫైవ్‌ఎం (ప్లేయర్లు నడిపే సర్వర్లలో ఆడనిచ్చే మాడ్) మీద రోల్‌ప్లే, అంటే ఒక పాత్రలా నటిస్తూ ఆడేవాళ్లెవరైనా ఉంటే కాస్త సలహా ఇవ్వండి. నా క్యారెక్టర్ ఆటలోని లాస్ శాంటోస్ నగరంలో చిన్న గ్యారేజీ నడుపుతూ, చాటుగా దొంగ కార్లు విప్పి పార్టులు అమ్ముతాడు. మా సర్వర్ స్క్రిప్టులో బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, తలుపులు, బానెట్, చక్రాలు వాటంతటవే ఊడిపోయి డబ్బులు పడతాయి. నా దృష్టిలో అది కూలి పని, రోల్‌ప్లే కాదు.

అందుకే చాట్‌లో టైప్ చేసే /మీ (క్యారెక్టర్ చేసే పని రాసేది), /డూ (చుట్టూ ఉన్న పరిస్థితి రాసేది) కమాండ్లతో అసలు పనిలా చేద్దామనుకుంటున్నా. ముందు బ్యాటరీ వైరు పీకడం, తర్వాత ఎయిర్‌బ్యాగ్‌లు, ఆపైన కింద దూరి కెటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) కోయడం (అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి దానికే గిరాకీ). ఇదంతా టైప్ చేస్తుంటే పక్కన కాపలా ఉన్నవాడికి విసుగొచ్చేస్తోంది. వాడికేం పని అప్పజెప్పాలి?

ఇంకోటి, పోలీసులకు ఆధారం మిగల్చడం. అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే విన్ నంబరు (కారు గుర్తింపు నంబరు) డ్యాష్‌బోర్డు మీదా, డోర్ పిల్లర్ మీదా కూడా ఉంటుంది కదా. "అన్నీ చెరిపేశా" అని ఒక్క /మీతో తేల్చేస్తే పవర్‌గేమింగ్ (ఎదుటివాళ్లకు అవకాశమివ్వకుండా ఫలితాన్ని మనమే తేల్చేయడం) అంటారా? డైస్ వేసి, ఓడితే ఒకచోట నంబరు మిగిలినట్టు /డూలో రాస్తే సరిపోతుందా?

కారు పోగొట్టుకున్న ప్లేయర్‌ని కూడా కథలోకి లాగిన అనుభవం ఉంటే అది తప్పకుండా చెప్పండి.